ఆర్క్ పక్కకు ఎగిరిపోతుంటే: ఉక్కులో చేరిన అయస్కాంతాన్ని కనిపెట్టి, దించి, వెల్డింగ్ చేసే పద్ధతి

రూట్ (జాయింటు అడుగున వేసే మొదటి వెల్డ్ పొర) మొదలుపెట్టే ముందు ఫిల్లర్ రాడ్డును రెండు ముక్కల మధ్య గ్యాప్ దగ్గరకు తెస్తే అది దానంతటదే వెళ్లి బెవెల్ (ఏటవాలుగా కోసిన) అంచుకు అతుక్కుందనుకోండి, అక్కడితో ఆగండి. గ్రైండింగ్ పొడి అంచు వెంట రోమాల్లా నిక్కబొడుచుకుని నిలబడినా అదే లెక్క. ఆ ఉక్కులో అయస్కాంతం చేరింది. ఇప్పుడు ఆర్క్ కొడితే అది రాడ్డు కొన కింద నిలవదు. ముందుకో వెనక్కో ఎగురుతుంది. ఒక అంచు కరిగి జారుతుంది, రెండో అంచు చల్లగా మిగిలిపోతుంది. స్పాటర్ చిమ్ముతుంది, స్లాగ్ లోపల చిక్కుకుంటుంది, పోర్లు వస్తాయి. దీన్నే ఆర్క్ బ్లో అంటారు.

ఒక పాత పైపు లైనులో పది అంగుళాల ముక్క కోసి కొత్తది పెట్టే పనిలో మేం దీనివల్ల రెండు రోజులు పోగొట్టుకున్నాం. మొదట రాడ్లు తడిశాయన్నారు, ఓవెన్‌లో మళ్లీ కాల్చి తెచ్చాం. తర్వాత మిషన్ బాగాలేదన్నారు, మార్చాం. చివరికి వెల్డర్ చెయ్యి బాగాలేదన్నారు. ఆ వారంలో అతను వేసిన జాయింట్లన్నీ రేడియోగ్రఫీలో పాసైనవే. అయినా అతన్ని పక్కన కూర్చోబెట్టి ఇంకొకరిని పిలిచారు. ఆయన రాడ్డు కింద కూడా ఆర్క్ అలాగే ఎగిరింది. మూడో రోజు గాస్ మీటర్ (అయస్కాంత క్షేత్రాన్ని గాస్ లెక్కన కొలిచేది) తెచ్చి గ్యాప్‌లో పెడితే ఒకచోట 70 గాస్ దాటింది. పోయిన రెండు రోజులు ఒక ఎత్తు, తప్పు లేకుండా మాట పడిన ఆ మనిషి ముఖం ఒక ఎత్తు. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను. ఆర్క్ నిలవనప్పుడు ముందు ఉక్కును కొలవాలి. చేతిని తప్పు పట్టడం ఆ తర్వాతి సంగతి.

ఆర్క్ ఎందుకు ఎగురుతుంది

ఆర్క్ అంటే గాలిలో పారే కరెంటే. కరెంటు పారే తీగను అయస్కాంత క్షేత్రంలో పెడితే దాన్ని ఒక బలం పక్కకు నెడుతుంది. మోటారు తిరిగేది ఆ బలంతోనే. తీగ గట్టిది కాబట్టి కాస్తయినా తట్టుకుంటుంది, ఆర్క్‌కు ఆ గట్టిదనం లేదు.

పైపు పొడవునా అయస్కాంతం ఉందనుకోండి. ఉక్కు లోపల అది హాయిగా ప్రయాణిస్తుంది. రెండు పైపుల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల గ్యాప్ రాగానే గాలిని దాటాల్సి వస్తుంది. అప్పుడా బలమంతా సన్నటి రూట్ అంచుల మధ్య ఇరుక్కుంటుంది. క్షేత్రం పైపు పొడవు దిశలో, ఆర్క్ పైపు మధ్య వైపుగా ఉంటాయి కాబట్టి తోపు ఆ రెండింటికీ అడ్డంగా, అంటే జాయింటు చుట్టుకొలత వెంట వస్తుంది. అందుకే పైపు బట్ జాయింటులో ఆర్క్ ఎక్కువగా గ్రూవ్ వెంబడే ముందుకో వెనక్కో పరుగెడుతుంది.

ఇందులో జనం పట్టించుకోని విషయం ఒకటుంది. విడిగా పడి ఉన్న పైపు చివర కొలిస్తే తక్కువ గాస్ చూపిస్తుంది. అదే పైపును ఎదుటి పైపుకు ఫిటప్ చేసి, అంటే వెల్డింగ్‌కు సిద్ధంగా ఎదురెదురుగా అమర్చి, గ్యాప్‌లో కొలిస్తే అంతకు అనేక రెట్లు చూపించవచ్చు. యార్డులో కొలిచి బాగుందని రాసుకున్న అంకెను నమ్ముకుని జాయింటు మొదలుపెట్టకూడదు.

మొదటి పని: ఇది ఏ రకమో తేల్చుకోవడం

ఆర్క్ బ్లో రెండు కారణాల వల్ల వస్తుంది. ఒకటి, ఉక్కులో ముందే చేరి ఉన్న అయస్కాంతం. రెండోది, మన వెల్డింగ్ కరెంటే పుట్టించే క్షేత్రం ఒక పక్క ఎక్కువగా ఒత్తుకోవడం. దేని మందు దానికే. తేల్చుకోకుండా చేసేదంతా చీకట్లో తడుములాటే.

మిషన్ ఆపేయండి. దారానికి చిన్న బైండింగ్ వైరు ముక్క కట్టి గ్యాప్ మీద వేలాడదీయండి. అది అంచు వైపు లాగబడి అతుక్కుంటే ఉక్కులో అయస్కాంతం ఉన్నట్టే. కరెంటే లేదు కాబట్టి కరెంటును అనుమానించక్కర్లేదు.

ఇంకా గట్టి పరీక్ష కావాలంటే ఈ6013 రాడ్డు తీసుకోండి, అది డీసీలో రెండు పోలారిటీలకూ మండుతుంది. జాయింటు పక్కన ట్యాక్ చేసిన (చిన్న వెల్డ్ చుక్కతో అతికించిన) తుక్కు ముక్క మీద, అదే గ్యాప్ వచ్చేలా పెట్టి, ఒకసారి పాజిటివ్‌లో, ఒకసారి నెగటివ్‌లో ఆర్క్ కొట్టండి. పోలారిటీ మార్చగానే ఆర్క్ ఎగిరే దిక్కు కూడా మారితే దోషం ఉక్కులో ఉంది. దిక్కు మారకపోతే అది కరెంటు సొంత క్షేత్రం పని. కారణం సులువే. ఉక్కులోని అయస్కాంతం మనం పోలారిటీ మార్చినా మారదు, ఆర్క్‌లో కరెంటు మాత్రం తిరగబడుతుంది, అందుకని తోపు తిరగబడుతుంది. సొంత క్షేత్రమైతే కరెంటుతోపాటు అదీ తిరగబడుతుంది, తోపు మాత్రం ఉన్న దిక్కులోనే ఉంటుంది.

మరికొన్ని గుర్తులున్నాయి. ప్లేటు చివరల్లో, మూలల్లో మాత్రమే ఇబ్బంది పెట్టి మధ్యలో బాగుంటే కరెంటు క్షేత్రాన్నే అనుమానించండి. ఎర్త్ క్లాంప్ జరిపితే తేడా వచ్చినా అదే. ఈ రకం సాధారణంగా 250 ఆంపియర్లు దాటాకే పెద్దగా బాధిస్తుంది. 90 ఆంపియర్ల రూట్‌లోనే ఆర్క్ ఎగిరిపోతుంటే చూపు ఉక్కు మీద పెట్టండి.

రెండో పని: గ్యాప్‌లో కొలవడం

హాల్ ప్రోబ్ (క్షేత్రాన్ని పసిగట్టే కొన) ఉన్న గాస్ మీటర్ కావాలి. ప్రోబ్ గ్యాప్‌లో దూరేంత సన్నగా ఉండాలి. ముందు గాలిలో పట్టుకుని సున్నా సరిచూసుకోండి. భూమి అయస్కాంతం దాదాపు అర గాసే ఉంటుంది కాబట్టి జాయింటుకు దూరంగా అంతకంటే బాగా ఎక్కువ చూపిస్తే మీటర్ సున్నా తప్పింది.

ఫిటప్ పూర్తయ్యాక ప్రోబ్ చదును ముఖం బెవెల్ అంచుకు ఎదురుగా ఉండేలా గ్యాప్‌లో పెట్టండి. కొంచెం అటూ ఇటూ తిప్పి, ఎక్కడ ఎక్కువ చూపిస్తుందో ఆ అంకె రాసుకోండి. గడియారం లెక్కన 12, 3, 6, 9 దగ్గర కొలవడం కనీసం. పెద్ద పైపైతే మధ్య మధ్యలో కూడా కొలవాలి. ప్రోబ్ ఒకే ముఖం ఎప్పుడూ ఒకే పైపు వైపు ఉండేలా సుద్దతో గుర్తు పెట్టుకోండి. లేకపోతే ప్లస్, మైనస్ గుర్తులు కలగాపులగమవుతాయి. ఆ గుర్తులు చాలా అవసరం. ఒకే జాయింటులో పైన ప్లస్, కింద మైనస్ వచ్చిన సందర్భాలు తక్కువేమీ కాదు.

అంకెల విషయంలో ఒక్కో చోట ఒక్కో హద్దు పెట్టుకుంటారు. నేను పాటించేది ఇది. 10 గాస్ లోపు టిగ్ (టంగ్‌స్టన్ కొనతో, ఆర్గాన్ రక్షణలో చేసే వెల్డింగ్) రూట్ కూడా బాగానే పోతుంది. 10 నుంచి 20 వరకు చేయి తిరిగిన వెల్డర్ రాడ్డుతో సర్దుకుంటాడు, టిగ్‌కు మాత్రం కష్టం. 20 నుంచి 40 మధ్య ఆర్క్ ఊగుతుంది, లోపాలు వస్తాయి. 40 దాటితే మొదలుపెట్టడమే తప్పు.

ఫోన్‌లో అయస్కాంతం కొలిచే యాప్‌లు ఉన్నాయి కదా అని కొందరు అడుగుతారు. అవి మైక్రోటెస్లాల్లో చూపిస్తాయి, 100 మైక్రోటెస్లాలు ఒక గాస్. ఉందో లేదో తెలుసుకోవడానికి పనికొస్తాయిగానీ ఫోన్ గ్యాప్‌లోకి దూరదు. మనకు కావాల్సిన అంకె గ్యాప్‌లోదే.

మూడో పని: కరెంటు క్షేత్రమైతే

ఎర్త్ క్లాంప్ నుంచి మొదలుపెట్టండి. ఆర్క్ ఎప్పుడూ ఎర్త్‌కు దూరంగా పారిపోవాలని చూస్తుంది, ప్లేటు అంచు నుంచి లోపలికి పోవాలని చూస్తుంది. ఈ రెండూ గుర్తుంటే మిగతావన్నీ మీకే తడతాయి. ఆర్క్ వెనక్కి కొడుతుంటే ఎర్త్‌ను జాయింటు మొదట్లో పెట్టి, చివర గట్టి ట్యాక్ వేసి ఆ ట్యాక్ వైపు వెల్డ్ చేయండి. ముందుకు కొడుతుంటే ఎర్త్‌ను చివర పెట్టండి. రెండు వైపులా రెండు ఎర్తులు ఇచ్చినా బాగా తగ్గుతుంది. వీలైనంత వరకు ఎర్త్ జాయింటుకు దూరంగా ఉండాలి.

ఆర్క్ పొడవు తగ్గించండి. పొట్టి ఆర్క్‌ను నెట్టడం కష్టం. కరెంటు కొంచెం దించండి. రాడ్డును ఎగిరే దిక్కుకు ఎదురుగా వాల్చండి. పొడుగు సీమ్ అయితే బ్యాక్‌స్టెప్ పద్ధతిలో చిన్న చిన్న భాగాలుగా, ప్రతి భాగం ముందు వేసిన బీడ్ వైపు ముగిసేలా వేయండి. ప్లేటు చివరల్లో అదే మందం ముక్కల్ని రన్‌ఆన్, రన్‌ఆఫ్ ట్యాబ్‌లుగా అతికితే అంచు గొడవ ట్యాబ్ మీదకు పోతుంది, జాయింటు బాగుంటుంది.

ఇవన్నీ చాలకపోతే ఏసీ. మన ఊళ్లలో గేట్లు, గ్రిల్స్ చేసే షాపుల్లో ఇప్పటికీ కనిపించే ఏసీ ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ ఈ విషయంలో ఖరీదైన ఇన్వర్టర్ కంటే మేలు. 50 హెర్ట్జ్ కరెంటు సెకనుకు 100 సార్లు దిక్కు మార్చుకుంటుంది. ఉక్కులో పుట్టే సుడి కరెంట్లు సొంత క్షేత్రాన్ని పెరగనివ్వవు. ఉక్కులో ముందే అయస్కాంతం ఉన్నా తోపు అటూ ఇటూ మారుతుంది కాబట్టి సగటున రద్దవుతుంది. అయస్కాంతం మరీ బలమైనదైతే మాత్రం ఏసీలోనూ ఆర్క్ వణుకుతుంది.

రాడ్డు ఏసీకి పనికొచ్చేదై ఉండాలి. ఈ6013, ఈ6011, ఈ7018 పనికొస్తాయి. ఈ6010, ఈ7015 డీసీ రాడ్లు. ఈ7018 ఏసీలో సాఫీగా మండాలంటే మిషన్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి 70 పైన ఉండాలి. ఆ వోల్టేజి దగ్గర ఏసీ షాక్ డీసీ కంటే ప్రమాదం. చెమటకు తడిసిన చొక్కాతో, తడి గ్లవ్స్‌తో పని చేయొద్దు. కోడ్ ప్రకారం జరిగే పనైతే డబ్ల్యూపీఎస్‌లో (ఆ జాయింటు ఎలా వెల్డ్ చేయాలో రాసిన పత్రంలో) ఒప్పుకున్న కరెంటు, రాడ్డు తప్ప వేరేవి సొంతంగా మార్చకండి. ముందు ఇంజినీరుతో మాట్లాడండి.

నాలుగో పని: ఉక్కులోనే ఉంటే, తేలిక ఉపాయాలు

20, 30 గాస్ దగ్గర పైపుకు కేబుల్ చుట్ట చుట్టే శ్రమ లేకుండానే కొన్నిసార్లు గట్టెక్కవచ్చు. గాస్ తక్కువ ఉన్న చోట ముందు ట్యాక్ వేసి, అక్కడే రూట్ మొదలుపెట్టండి. గడ్డకట్టిన లోహం అయస్కాంతానికి దారి ఇస్తుంది, గ్యాప్‌లో పక్కనున్న అంకె దిగుతుంది. మళ్లీ కొలవండి, ఇప్పుడు తక్కువున్న చోటికి వెళ్లండి. గ్యాప్ మీద అడ్డంగా లావు ఇనుప బ్రిడ్జి ముక్కలు ట్యాక్ చేసినా కొంత బలం వాటిగుండా పోతుంది. వెల్డ్ చేసే దిక్కు తిప్పితే వెనక్కి కొట్టే ఆర్క్ ముందుకు కొట్టేదవుతుంది. ఏది తక్కువ హాని చేస్తుందో చూసి ఎంచుకోవచ్చు.

శాశ్వత అయస్కాంతాల్ని జాయింటు మీద ఎదురు పోల్ వచ్చేలా పెట్టి, గాస్ మీటర్ చూస్తూ అంకె దిగేదాకా జరిపే పద్ధతి కూడా ఉంది. చిన్న పైపుల మీద బాగా పనిచేస్తుంది. అయితే మామూలు నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి. ప్రీహీట్ ఉన్న జాయింటు దగ్గరకు వాటిని తీసుకెళ్లకండి.

వేడి చేస్తే పోతుందిలే అనే మాట సైటుల్లో తరచూ వినిపిస్తుంది. ఇనుము అయస్కాంతత్వం పూర్తిగా పోవాలంటే 770 డిగ్రీలు దాటాలి. 150, 200 డిగ్రీల ప్రీహీట్‌కు ఏమీ కాదు. టార్చ్‌తో 770 దాకా కాల్చితే అయస్కాంతం సంగతేమోగానీ ఉక్కు గుణమే పాడవుతుంది.

ఐదో పని: కేబుల్ చుట్టతో దించడం

టిగ్ రూట్ డీసీ నెగటివ్‌లోనే వేస్తాం కాబట్టి దానికి ఏసీ ఉపాయం లేదు. 40 దాటిన జాయింటుకు తేలిక ఉపాయాలు చాలవు. అక్కడ చుట్టే దారి. దీన్ని నిదానంగా, ఒక్క మెట్టు కూడా దాటవేయకుండా చేయండి.

వెల్డింగ్ మిషన్ కాకుండా వేరే డీసీ మిషన్ ఒకటి పెట్టుకోండి. అది రాడ్డు వెల్డింగ్ మోడ్‌లో, అంటే స్థిర కరెంటు మోడ్‌లో ఉండాలి. రాడ్డు అతుక్కుంటే కరెంటు కోసేసే సదుపాయమున్న ఇన్వర్టర్లు ఈ పనిలో మొండికేస్తాయి, చుట్టను అవి షార్ట్ అనుకుంటాయి. పాత రెక్టిఫయర్ దొరికితే ఇంకా మంచిది.

ఇన్సులేషన్ ఎక్కడా చిరగని వెల్డింగ్ కేబుల్ తీసుకుని జాయింటుకు ఒక పక్క ఆరు చుట్లు, గ్యాప్ దాటి రెండో పక్క ఆరు చుట్లు, ఒకే దిక్కులో, పైపును ఆనుకుని బిగుతుగా చుట్టండి. మధ్యలో వెల్డర్ చెయ్యి ఆడేంత చోటు వదలండి. రెండో పక్క చుట్లు ఎదురు దిక్కులో చుడితే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. చాలామంది పొరపడేది ఇక్కడే. ఇక కేబుల్ ఒక కొన ప్లస్‌కు, ఒక కొన మైనస్‌కు బిగించండి. 12 చుట్లలో 150 ఆంపియర్లు పారితే 1,800 ఆంపియర్ చుట్ల బలం వస్తుంది.

ప్రోబ్ గ్యాప్‌లో పెట్టి 20, 30 ఆంపియర్లతో మొదలుపెట్టండి. అంకె దిగితే దిక్కు సరైనదే. పెరిగితే కరెంటు పూర్తిగా దించి, మిషన్ ఆపి, ప్లస్ మైనస్ కొనలు మార్చండి. కరెంటు పారుతుండగా కనెక్షన్ ఎప్పుడూ ఊడదీయకూడదు. చుట్ట తన బలాన్ని ఒక్కసారిగా నిప్పురవ్వగా వదులుతుంది, చేతులు కాలతాయి.

దిక్కు కుదిరాక కరెంటు కొంచెం కొంచెంగా పెంచండి. అంకె సున్నాకు వచ్చాక ఆగకండి, కొంచెం అవతలికి, ఎదురు గుర్తులోకి వెళ్లనివ్వండి. మిషన్ ఆపగానే ఉక్కు కాస్త వెనక్కి లాగుతుంది కాబట్టి ఆ మేరకు ఎక్కువ తోయాలి. ఆపి కొలవండి. చాలకపోతే ఇంకొంచెం ఎక్కువతో మళ్లీ చేయండి. రెండు మూడు సార్లకు మామూలు కార్బన్ స్టీలు దారికి వస్తుంది.

అలా లొంగని ఉక్కుకు ఇంకో పద్ధతి. ఎక్కువ కరెంటుతో మొదలుపెట్టి, ప్రతిసారీ దిక్కు మారుస్తూ, ప్రతిసారీ కరెంటు తగ్గిస్తూ రండి. 200 ఇటు, 160 అటు, 120 ఇటు, 90 అటు, 60, 40, 20, ఇలాగ. ప్రతి మెట్టులో కొన్ని సెకన్లు నిలపండి. దీనికి ఏసీ మిషన్ వాడితే సులువు కదా అనిపిస్తుంది. పల్చటి వాటికి అది నిజమే. మందమైన గోడలో మాత్రం 50 హెర్ట్జ్ ఏసీ పైపొరలోనే ఆగిపోతుంది, లోపలి అయస్కాంతం అలాగే ఉండిపోయి కాసేపటికి పైకి తేలుతుంది. మందానికి డీసీని చేత్తో తిప్పడమే నమ్మకం.

కేబుల్ వేడెక్కుతుంది, మధ్య మధ్యలో చెయ్యి పెట్టి చూసుకోండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లెవరూ ఆ దరిదాపుల్లో ఉండకూడదు, ఈ మాట పని మొదలుపెట్టే ముందే అందరికీ చెప్పండి.

చుట్ట ఉంచే రూట్ వేయడం

పొడవైన లైనుకు కలిపే జాయింటైతే ఒక చిక్కుంది. మనం చివర మీటరు దూరంలో దించినా వెనక ఉన్న వందల మీటర్ల పైపు అయస్కాంతాన్ని నిల్వ ఉంచుకునే ఉంటుంది. కాసేపటికి అంకె మళ్లీ ఎక్కుతుంది. అలాంటి చోట దించాలని పట్టుబట్టకుండా చుట్టలో కరెంటు అలాగే ఉంచి, గ్యాప్‌లో అంకె సున్నా దగ్గర నిలిపి, అలాగే రూట్ వేసేయడం మంచిది. ఒక మనిషి గాస్ మీటర్ పట్టుకుని మిషన్ దగ్గర ఉండాలి. వెల్డర్ ఒక భాగం వేసి ఆగినప్పుడల్లా తర్వాతి భాగంలో కొలిచి కరెంటు సరిచేయాలి. గ్యాప్ మూసుకుపోతున్నకొద్దీ కావాల్సిన ఎదురు బలం తగ్గుతుంది. తగ్గించకుండా వదిలేస్తే మన చుట్టే కొత్త అయస్కాంతమై కూర్చుంటుంది.

పైన ప్లస్, కింద మైనస్ ఉన్న జాయింటును చుట్ట ఒక్కసారిగా సరిచేయలేదు, అది అంతటినీ ఒకే దిక్కుకు తోస్తుంది. అప్పుడు పై సగానికి ఒక కరెంటు, కింద సగానికి ఎదురు దిక్కులో ఒక కరెంటు పెట్టి విడివిడిగా వేసుకోవాలి.

రూట్ చుట్టూ కలిసిపోయాక అయస్కాంతానికి ఉక్కు దారి దొరుకుతుంది, గ్యాప్ గొడవ చాలా వరకు తీరిపోతుంది. మిగతా పాస్‌లు, అంటే పై పొరలు, సాధారణంగా మామూలుగానే పోతాయి.

ఇది ఎక్కడి నుంచి వస్తుంది

పైపు లైను లోపలి తుప్పును పట్టే ఒక రకం పిగ్ (పైపు లోపల ప్రయాణించే తనిఖీ పరికరం) బలమైన అయస్కాంతాలతో పైపు గోడను అయస్కాంతంతో నింపుకుంటూ పోతుంది. అలాంటి తనిఖీ జరిగిన లైనును కోస్తున్నామంటే గాస్ మీటర్ సంచిలో ఉండాల్సిందే. మ్యాగ్నెట్ క్రేన్‌తో ఎత్తిన ప్లేట్లు, మ్యాగ్నెటిక్ చక్ మీద మెషినింగ్ చేసిన ఫ్లేంజ్‌లు, డీసీ యోక్‌తో (చేత్తో పట్టుకునే విద్యుదయస్కాంతంతో) ఎంపీఐ, అంటే అయస్కాంత పొడితో పగుళ్ల తనిఖీ, చేసి డీమ్యాగ్నటైజ్ చేయకుండా వదిలేసిన బెవెల్‌లు తర్వాతి వరుస. ఇంకొకటి మన చేతులారా చేసేది. మిగిలిన వెల్డింగ్ కేబుల్‌ను నేల మీద పడకూడదని పైపుకే చుట్టి పెడతారు. అందులో రోజంతా డీసీ పారుతుంది. పైన చెప్పిన చుట్ట అచ్చం అదే, కాకపోతే ఇది అయస్కాంతాన్ని ఎక్కించే చుట్ట.

అన్ని ఉక్కులూ ఒకేలా పట్టుకోవు. మైల్డ్ స్టీలు తేలిగ్గా పట్టి తేలిగ్గా వదులుతుంది. సూపర్‌క్రిటికల్ థర్మల్ యూనిట్ల ఆవిరి పైపుల్లో వాడే పీ91, అంటే 9 శాతం క్రోమియం, 1 శాతం మాలిబ్డినం ఉన్న ఉక్కు, ఒకసారి పట్టుకుంటే అంత సులువుగా వదలదు. పైగా దాని రూట్ టిగ్, ప్రీహీట్ 200 డిగ్రీలకు అటూ ఇటూ, లోపల గాలిని తోసేసి ఆర్గాన్ నింపడం (పర్జింగ్). అంటే ఏసీ లేదు, అంటించే అయస్కాంతాలు లేవు. దానికి ఫిటప్ తర్వాత, హీటింగ్ ప్యాడ్లు కట్టే ముందే కొలిచి చుట్ట పెట్టుకోవాలి. గల్ఫ్‌లో ఎల్‌ఎన్‌జీ ట్యాంకుల పనిలో 9 శాతం నికెల్ ప్లేటు వెల్డ్ చేసి వచ్చినవాళ్లు ఉంటే అడగండి, ఆ ప్లేటు దగ్గరకు మ్యాగ్నెట్ క్రేన్‌ను ఎందుకు రానివ్వరో, నికెల్ రాడ్లను ఏసీలో ఎందుకు వాడతారో వాళ్లు చెబుతారు. 304 లాంటి స్టెయిన్‌లెస్‌కు ఈ బాధ లేదు.

జాయింటు అయ్యాక

కొలిచిన అంకెలు, చుట్ట దిక్కు, చుట్ల సంఖ్య, వాడిన కరెంటు జాయింటు నంబరు పక్కన రాసి పెట్టండి. అదే లైనులో తర్వాతి జాయింటు దాదాపు అలాగే ప్రవర్తిస్తుంది, ఒక పూట పని మిగులుతుంది. రేడియోగ్రఫీలో ఎక్కడైనా రిపేరు వచ్చి గ్రైండర్‌తో రూట్ దాకా తెరిస్తే అక్కడ గ్యాప్ మళ్లీ పుడుతుంది, దాంతోపాటు అయస్కాంతమూ తిరిగి వస్తుంది. అప్పుడు పాత అంకెను నమ్మకుండా ఆ తెరిచిన చోట ప్రోబ్ పెట్టి కొత్తగా కొలిచి, ఆ తర్వాతే వెల్డర్‌ను రమ్మనండి.